బదనికలు ఏడు వారాలు ఆలస్యమైతే: నల్లముట్టె పురుగుపై ఒక కొబ్బరి రైతు బహిరంగ లేఖ

ఉద్యాన అధికారులకు, కొబ్బరి మీద పనిచేస్తున్న శాస్త్రవేత్తలకు, మా ప్రజాప్రతినిధులకు, తోటి కొబ్బరి రైతులకు

నమస్కారాలు.

కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో ఎకరం ముప్పై సెంట్ల కొబ్బరి తోట మాది. మొత్తం 83 చెట్లు. 1996 నవంబరు తుఫానుకు పాత తోట నేలమట్టమైతే, మా నాన్న మళ్లీ మొక్కలు తెచ్చి వేసినవే ఇందులో ఎక్కువ. మా దగ్గర కొబ్బరిచెట్టును పెద్దకొడుకు అంటారు. ఆ మాట అలంకారానికి అనేది కాదు. పిల్లల ఫీజులు, ఇంట్లో మందుల ఖర్చు, పండక్కి బట్టలు అన్నీ దింపు (చెట్టెక్కి కాయలు దించడం) డబ్బుల్లోంచే వెళ్తాయి.

కొబ్బరి ఆకు తినే నల్లముట్టె పురుగు గురించి రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మొదటిదానికి సాయంగా బదనికలు, అంటే ఈ పురుగును చంపే కందిరీగ జాతి చిన్న ఈగలు, వచ్చాయి కానీ వేళకు రాలేదు. రెండోదానికి జవాబే లేదు. నాలాంటివాళ్లు ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు. అందుకే ఈసారి అర్జీ కాకుండా అందరూ చదివేలా లేఖ రాస్తున్నాను.

ముందు ఈ పురుగు గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. కింది వరసలో ఎండుతున్న మట్ట ఒకటి కోసి కిందికి దించి, ఆకును తిరగేసి చూడండి. ఈనె పక్కన పొడుగ్గా, బూడిదరంగు గొట్టంలా ఒక గూడు కనిపిస్తుంది. పురుగు తన పెంటికనూ దారాన్నీ కలిపి అల్లుకున్న సొరంగం అది. గోటితో చీలిస్తే లోపల లేతాకుపచ్చ ఒంటి మీద గోధుమరంగు చారలు, నల్లటి తల ఉన్న పురుగు ఉంటుంది. ముట్టుకుంటే గబగబా వెనక్కి జరుగుతుంది. ఆ గూట్లోనే ఉండి ఆకు అడుగున ఉన్న పచ్చదనాన్ని గీరి తింటుంది. పైన పొర మాత్రం మిగులుతుంది. అందుకే మొదట ఎవరికీ తెలియదు. తెలిసేసరికి తోటంతా మంట పెట్టి ఆర్పినట్టు గోధుమరంగుకు తిరిగిపోయి ఉంటుంది. దూరం నుంచి చూసినవాళ్లు నీళ్లు లేక ఎండిందనుకుంటారు.

గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కల పురుగు అయ్యేదాకా రెండు నెలలు పడుతుంది. అందులో నలభై రోజుల దాకా ఆకు తినే పనే. చలికాలం చివర మొదలై ఎండలు ముదిరేకొద్దీ ఉధృతి పెరుగుతుంది. ఇంకొకటి, నా గోడు అంతా దీనిచుట్టూనే ఉంది కాబట్టి కాస్త శ్రద్ధగా చదవండి. ఈ పురుగు చాలావరకు ఒక ఈడుగా వస్తుంది. ఒక సమయంలో తోటలో చూస్తే దాదాపు అన్నీ చిన్నవే ఉంటాయి, ఇంకో సమయంలో అన్నీ పెద్దవే, మరో సమయంలో అన్నీ రెక్కల పురుగుగా మారబోతూ కోశంలో ఉన్నవే. కాబట్టి ఏ రోజు ఏం చేశామన్నదాని మీదే ఫలితం ఉంటుంది.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. 1916లో కాసరగోడ్‌లో మొదలైన కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ, మా అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఎంతోకాలంగా చెబుతున్నది ఒకటే: బదనికలు. గోనియోజస్ అనే బదనిక చీమకు రెక్కలు పెట్టినట్టు ఉంటుంది, నల్లగా, చిన్నగా. పురుగు ఉన్న గూట్లోకి తనే దూరుతుంది. కుట్టి, పురుగును కదలకుండా చేసి, దాని ఒంటి మీద గుడ్లు పెడుతుంది. పెట్టి వెళ్లిపోదు, పిల్లలు ఎదిగేదాకా పక్కనే కాపలా ఉంటుంది. పది పదిహేను రోజుల్లో ఆ పిల్లలు రెక్కలొచ్చి ఇంకో పురుగును వెతుక్కుంటూ పోతాయి. పురుగు ఒక తరం పూర్తి చేసేలోపు బదనిక మూడు నాలుగు తరాలు ఎదుగుతుంది. యాభై అడుగుల చెట్టు మీద, ఆకు అడుగున, గొట్టం లోపల ఉన్న పురుగు దగ్గరికి మన పంపు మందు చేరదు. ఈ ఈగ చేరుతుంది.

కానీ గోనియోజస్‌కు ఎదిగిన గొంగళి కావాలి. బాగా చిన్న పురుగును అది పట్టించుకోదు, కోశంలోకి వెళ్లిన పురుగు మీద పనిచేయదు.

ఇప్పుడు మాకు జరిగింది చెబుతాను. నిరుడు సంక్రాంతి వెళ్లిన వారానికి కింది మట్టల్లో పురుగు చూశాను. అప్పటికి సగం ఎదిగి ఉంది. బదనికలు వదలడానికి సరైన సమయం అదే. మర్నాడే అర్జీ రాసి, ఎండిన ఆకులు నాలుగు కవర్లో పెట్టి తీసుకెళ్లి ఇచ్చాను. తీసుకున్నవాళ్లు మర్యాదగానే మాట్లాడారు, పైకి పంపుతామన్నారు. ఆ కాగితం ఎన్ని బల్లలు మారిందో నాకు తెలియదు. సీసాలు మా ఊరికి వచ్చింది ఏడు వారాల తరువాత, మార్చిలో, మధ్యాహ్నం రెండు గంటలకు. బండికి తగిలించిన ప్లాస్టిక్ సంచిలో తెచ్చారు. దూది మూతలున్న గాజు గొట్టాలు అవి. వెలుతురులో పెట్టి చూస్తే కొన్నింట్లో ఈగలు అడుగున రాలిపోయి ఉన్నాయి. కొన్నింట్లో బతికి గాజు మీద పాకుతున్నాయి. బతికినవాటిని చెట్ల మొదళ్ల దగ్గర వదిలాం.

అదే రోజు మా దింపు మనిషి రెండు చెట్లెక్కి ఆకులు కోసి పడేశాడు. తిరగేసి చూస్తే పెద్ద పురుగు ఒక్కటీ లేదు. నేను అర్జీ పెట్టిననాటి పురుగులన్నీ కోశంలోకి వెళ్లి, రెక్కలొచ్చి, గుడ్లు పెట్టి వెళ్లిపోయాయి. మిగిలింది ఖాళీ గూళ్లు, వాటి పక్కన వెంట్రుక మందాన కొత్త పిల్ల పురుగులు. మేం వదిలిన బదనికలకు ఆ తోటలో తిండి లేదు. మే నెలకల్లా 83 చెట్లలో 60కి పైగా చెట్లకు, పైన ఏడెనిమిది మట్టలు తప్ప పచ్చదనం లేకుండా పోయింది.

ఆ సీసాలు తెచ్చిన కుర్రాడి మీద నాకు కోపం లేదు, పరిశోధన స్థానం మీద ఫిర్యాదూ లేదు. బదనికలు పెంచే మనిషికీ, తోటలో పురుగు చూసే మనిషికీ మధ్య దారి సరిగ్గా లేదు. ఆ దారి వేయమనే అడుగుతున్నాను. థాయిలాండ్‌లో ఈ పురుగు 2008లో కనిపిస్తే, వాళ్లు ఇదే గోనియోజస్‌ను శ్రీలంక నుంచి తెప్పించుకున్నారు. సముద్రం దాటించి తెచ్చుకోదగిన ఈగ మా జిల్లాలోనే పెరుగుతోంది. అది మా ఊరు చేరడానికి ఏడు వారాలు పట్టకూడదు.

“చెట్టు చావలేదు కదా, మళ్లీ చిగురు వస్తుందిలే” అని నాతో చాలామంది అన్నారు. ఆ మాట అనే ముందు కింది విషయాలు చూడమని వేడుకుంటున్నాను.

1. కొబ్బరిచెట్టు నెలకు ఒక మట్ట వేస్తుంది. ప్రతి మట్ట చంకలోంచి ఒక గెల. అంటే ఏడాదికి పన్నెండు మట్టలు, పన్నెండు గెలలు. పూత విచ్చిన దగ్గర్నుంచి కాయ ముదరడానికి ఇంకో పదకొండు పన్నెండు నెలలు. ఆ పూత మొగ్గ చెట్టు లోపల రూపం పోసుకునేది, విచ్చడానికి సుమారు 32 నెలల ముందు. ఈ లెక్క తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఈ వేసవిలో ఆకు పోతే దెబ్బ ఈ వేసవితో పోదు. ఉన్న పిందె రాలుతుంది, వచ్చే ఏడాది పూత తగ్గుతుంది, లోపల తయారవుతున్న గెల బలహీనపడుతుంది. తీవ్రంగా సోకిన తోటల్లో మరుసటి ఏడాది కాయ దిగుబడి 45 శాతం దాకా పడిపోయినట్టు శాస్త్రవేత్తలే లెక్కగట్టారు. మా తోటలో రెండేళ్ల కిందట ఇదే కాలంలో ఒక్క దింపుకు 1,120 కాయలు రాశి పోశాం. మొన్నటి దింపుకు 590. అందులోనూ చిన్నకాయ ఎక్కువ, చిన్నకాయను వ్యాపారి రెండు కాయలు ఒకటిగా లెక్కేస్తాడు.

2. కాయ తగ్గినా చెట్టెక్కే కూలీ తగ్గదు. దింపు మనిషికి చెట్టు లెక్కన ఇవ్వాలి, అది న్యాయం కూడా, ప్రాణం పణంగా పెట్టే పని అది. అందుకని చాలామంది రైతులు రెండు నెలలకు చేసే దింపు మూడు నెలలకు మార్చేశారు. దాంతో దింపు కార్మికులకు పని దినాలు పోయాయి. కాయ లేక ఒలుపు పని పోయింది. ఇక ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. మా వీధిలో ముగ్గురు పచ్చి మట్టల నుంచి ఈనెలు తీసి చీపుర్లు కట్టి అమ్ముకుంటారు. మట్టలు నేసి దడులకు తడికలు అల్లుతారు. పురుగు తిన్న ఆకు నేతకు పనికిరాదు, పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. వాళ్లు నా దగ్గరికొచ్చి మట్టలున్నాయా అని అడిగితే, ఎండినవి కాల్చడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావని చెప్పి పంపాల్సి వచ్చింది. వాళ్లకు ఏ పట్టికలోనూ నష్టం రాయరు.

3. కౌలు రైతు పరిస్థితి ఇంకా ఘోరం. కొబ్బరి తోటకు శిస్తు ముందే కట్టాలి. పురుగు వచ్చిందని శిస్తు తగ్గదు. తోట తనది కాదు కాబట్టి కింది మట్టలు కోసి కాల్చే అధికారం కూడా కొందరికి లేదు, చెట్టు యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు, ఫోన్‌లో అడిగితే “మట్టలు కోస్తే చెట్టు దెబ్బతింటుంది” అంటాడు. ఒక్క తోటలో అలా వదిలేస్తే చుట్టూ పది తోటలకు అదే విత్తనం.

4. సాయం రాకపోతే రైతు ఖాళీగా కూర్చోడు, పురుగుమందుల కొట్టుకు వెళ్తాడు. వేరు ద్వారా మందు ఎక్కించడం మా దగ్గర పాత అలవాటు. లేత వేరు ఒకటి తవ్వి, ఏటవాలుగా కోసి, మందూ నీళ్లూ కలిపిన కవరులో పెట్టి కట్టేస్తారు. ఎక్కువగా మోనోక్రోటోఫాస్ వాడేవారు. అది వాడితే 45 రోజులు ఆ చెట్టు నుంచి కాయ కోయకూడదు. ఈ మందును కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు, 2023లో 36 శాతం ద్రావణం మీద కూడా కేంద్రం నిషేధం ప్రకటించింది. పాత అలవాటు మాత్రం కొట్టుల్లోనూ తోటల్లోనూ ఇంకా పూర్తిగా పోలేదు. సరిగ్గా పురుగు ఉధృతంగా ఉండే ఎండాకాలంలోనే బొండాలకు గిరాకీ. అప్పుల్లో ఉన్నవాడు 45 రోజులు ఆగుతాడా? అదే బొండాం నీళ్లు జ్వరం వచ్చిన పిల్లలకూ బాలింతలకూ తాగిస్తాం. దీని గురించి ఆలోచిస్తే నాకు రాత్రులు టెన్షన్‌గా ఉంటుంది.

5. బీమా సంగతి. కొబ్బరి అభివృద్ధి బోర్డు, వ్యవసాయ బీమా కంపెనీ కలిసి తెచ్చిన కొబ్బరి చెట్ల బీమా పథకం ఉంది. 4 నుంచి 15 ఏళ్ల చెట్టుకు 9 రూపాయలు, 16 నుంచి 60 ఏళ్ల చెట్టుకు 14 రూపాయలు ప్రీమియంగా పెట్టారు, అందులో సగం బోర్డుదే, పావు రాష్ట్రానిది, పావు రైతుది. మంచి పథకం, కాదనను. కానీ చెట్టు చచ్చిపోవాలి, లేదా ఇక కాపుకు పనికిరాకుండా పోవాలి. అప్పుడే పరిహారం. నల్లముట్టె పురుగు చెట్టును మామూలుగా చంపదు. మూడేళ్లు పంట తినేసి చెట్టును నిలబెట్టి వదిలేస్తుంది. అలాంటి నష్టానికి ఆ కాగితంలో గడి లేదు.

అయ్యా, ఇవీ వాస్తవాలు. ఇప్పుడు మా కోరికలు. ఇందులో కొత్త బడ్జెట్ పెట్టాల్సినవి తక్కువ, వేళకు చేయాల్సినవి ఎక్కువ.

1. ప్రతి ఏడాది నవంబరు నుంచి మే దాకా, తీర మండలాల్లోని ప్రతి ఊళ్లో పదిహేను రోజులకోసారి కొన్ని చెట్ల కింది మట్టలు కోయించి చూడాలి. గ్రామ ఉద్యాన సహాయకులు ఉన్నారు, దింపు కార్మికులు ఉన్నారు. కోసిన ఆకులో ఎన్ని పురుగులు, ఏ దశలో ఉన్నాయి అన్నది రైతు సేవా కేంద్రం బోర్డు మీద రాసి పెట్టాలి. దింపు మనిషికి ఆ చెట్టు కూలీ ప్రభుత్వం ఇవ్వాలి. వాళ్లకు మించిన పరిశీలకులు దొరకరు. మొవ్వులో కొమ్ముపురుగు ఉన్నా, ఆకు మీద తెల్లదోమ ఉన్నా మొదట చూసేది వాళ్లే.

2. పురుగు కనిపించిందని రైతు చెప్పిన ఏడు రోజుల్లో బదనికలు తోటలో ఉండాలి. ఏదో ఒక సీసా ఇచ్చి పంపడం కాదు. దశను బట్టి బదనిక మారుతుంది: ఎదుగుతున్న గొంగళికి గోనియోజస్, బ్రాకన్, కోశం కట్టబోయే పురుగుకు ఎలాస్మస్, కోశంలో ఉన్నదానికి బ్రాకిమేరియా. ఎన్ని వదలాలన్నది కూడా శాస్త్రవేత్తలు లెక్కకట్టి పెట్టారు. తోటలో ఆ దశలో ఉన్న పురుగుల లెక్కలో గోనియోజస్ అయితే 20.5 శాతం, బ్రాకన్ 30 శాతం, ఎలాస్మస్ 49 శాతం, బ్రాకిమేరియా 32 శాతం. పురుగు లెక్కే తీయకుండా ఈ శాతాలు ఎలా కడతారు? అందుకే మొదటి కోరిక మొదట పెట్టాను. సీసాలు ఉదయం పూటే తేవాలి, చల్లటి పెట్టెలో తేవాలి, దూదికి తేనె రాసి ఈగలకు తిండి పెట్టి తేవాలి. ఒక్కసారి వదిలి ఫొటో తీసుకుని వెళ్తే చాలదు, పురుగు తగ్గేదాకా మళ్లీ మళ్లీ వదలాలి.

3. బదనికల పెంపకం ఊళ్లకు దగ్గరగా రావాలి. జొన్న రవ్వ, సజ్జ రవ్వ మీద కార్సైరా అనే ధాన్యపు పురుగును పెంచి, దాని మీద గోనియోజస్, బ్రాకన్ లాంటి బదనికలను పెంచుతారు. ట్రేలు, గాజు గొట్టాలు, శుభ్రమైన గది, శ్రద్ధ ఉన్న మనుషులు కావాలి. మా డ్వాక్రా సంఘాల్లో ఆ శ్రద్ధ ఉన్న ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. అంబాజీపేటలో శిక్షణ ఇప్పించి, రెండు మూడు మండలాలకు ఒక కేంద్రం పెట్టించండి. వాళ్లు పెంచిందాన్ని ప్రభుత్వమే ధర కట్టి కొనాలి. చీపుర్ల పని పోయినవాళ్లకు ఒక ఆదాయం కూడా అవుతుంది.

4. విపత్తు సాయం నిబంధనల్లో తుఫాను, వరద, కరువుతో పాటు పురుగుల దాడి కూడా ఉంది. ఇది చాలామంది రైతులకు తెలియదు. పంట నష్టం 33 శాతం దాటితే సాయం ఇవ్వొచ్చు. 2022-26 కాలానికి పెట్టిన నిబంధనల ప్రకారం బహువార్షిక పంటలకు దాన్ని హెక్టారుకు 22,500 రూపాయలుగా పెట్టారు, అంటే ఎకరానికి సుమారు 9,000. తుఫాను వస్తే మర్నాడే బృందాలు వస్తాయి. పురుగు వచ్చిన తోటల్లో ఒక్క బృందం అడుగు పెట్టలేదు. తీవ్రంగా సోకిన ఊళ్లలో గణన చేయించండి. కౌలు రైతు పేరు మీద తోట సాగవుతుంటే సాయం అతనికే చేరాలి.

5. చెట్టు బతికి ఉండి పంట పోయిన సందర్భాన్ని బీమాలో చేర్చమని కొబ్బరి అభివృద్ధి బోర్డుకు రాష్ట్రం తరఫున రాయండి. పోయిన మట్టల లెక్క మీద పాక్షిక పరిహారం కట్టడం కష్టమేమీ కాదు. మట్టలు చెట్టు మీద అందరికీ కనిపిస్తూనే ఉంటాయి.

6. ఏ మందు వాడొచ్చు, ఏది వాడకూడదు, వాడితే ఎన్ని రోజులు కాయ కోయకూడదు అన్నది తెలుగులో ఒక్క పేజీలో అచ్చు వేసి, ప్రతి పురుగుమందుల కొట్టు గోడకూ అంటించండి. వేప మందుతో వేరు ద్వారా చేసే పద్ధతి ఉందని వింటున్నాం. దాన్ని మా తోటలకొచ్చి చేసి చూపించండి. బదనికలు వదిలిన ఊళ్లో ఎవరూ పైనుంచి మందు కొట్టకుండా చూడండి, పక్క తోటలో కొట్టిన మందుకు ముందు చచ్చేది ఆ ఈగే.

తోటి రైతులకు ఒక మాట. అధికారులనే అని ఊరుకుంటే సరిపోదు. పురుగు కనిపించగానే బాగా సోకిన కింది వరస మట్టలు రెండు మూడు కోసి తోటలోనే కాల్చేయాలి. గట్టు మీద కుప్ప వేసి వదిలేస్తే అందులోంచే రెక్కల పురుగు లేచి మళ్లీ చెట్టెక్కుతుంది. ఇది నా ఒక్కడి తోటలో చేస్తే పనికిరాదు, నిరుడు నేను చేసి చూశాను. బోదె కాలువకు ఇవతల నేను కాల్చాను, అవతల నాలుగెకరాలు అలాగే ఉన్నాయి. నెల తిరగకుండా మళ్లీ వచ్చింది. ఊరంతా ఒకే వారంలో చేయాలి. దూరంగా ఉన్న తోటల యజమానులు దయచేసి మీ కౌలుదారుకు ఫోన్ చేసి, మట్టలు కోయడానికి ఒప్పుకున్నామని ఒక మాట చెప్పండి. కింది వరసలో సగం తినేసిన మట్ట కోస్తే చెట్టుకు వచ్చే నష్టం కన్నా ఉంచితే వచ్చే నష్టమే ఎక్కువ.

ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. వానలకు పురుగు కాస్త తగ్గి, మా చెట్లకు మొవ్వు దగ్గర నాలుగైదు కొత్త మట్టలు పచ్చగా లేచాయి. నిన్న ఒక చెట్టు కింది మట్ట దించి చూశాను. ఆకు అడుగున ఐదు గూళ్లు ఉన్నాయి. మూడింట్లో పురుగు ఉంది, చిన్నది, ఇంకా రెండు మూడు వారాలకు గోనియోజస్‌కు అందే ఈడుకు వస్తుంది. ఆ ఆకును మళ్లీ కవర్లో పెట్టి, ఈ లేఖ నకలుతో పాటు సోమవారం ఉదయం కార్యాలయానికి తెస్తున్నాను. మూడు వారాల్లోపు బదనికలు ఇప్పించండి.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
కోనసీమ తీర గ్రామం